గుడిని తిప్పిన అయ్యగారు

ఆయన పోయారని నాకు ముగ్గురు చెప్పారు. ముగ్గురూ మూడు వేర్వేరు సంవత్సరాలు చెప్పారు. ఒకరు గుండె ఆగిందన్నారు, ఒకరు కామెర్లన్నారు, మూడో ఆయన "మంచి మనిషి సార్, గట్లనే పోతరు" అని ఊరుకున్నాడు. వీటిలో దేన్నీ నేను నిర్ధారించుకోలేకపోయాను. కనుక ఆయన మరణం గురించి రాయను. నా కళ్లతో చూసినవీ, కనీసం ఇద్దరు ఒకే విధంగా చెప్పినవీ మాత్రమే రాస్తాను.

రాయాలని అనిపించిన కారణం చిన్నది. పోయిన నెల ఒక సహోద్యోగి కుమార్తె పెళ్లికి పట్నంలో ఒక పెద్ద చర్చికి వెళ్లాను. అక్కడి బెంచీలన్నీ నేలకు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఆ బోల్టులను చూడగానే నాకు పెద్దగా నవ్వొచ్చింది. పెళ్లికొడుకు ప్రమాణం చేస్తున్న సమయమది. ముందు వరుసలోని ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇక్కడ అయ్యగారు ఉండి ఉంటే ఏం చేసేవారు? వాటిని విప్పడానికి పానా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చునేవారేమో.

ఎనభైల చివర్లో ఆయన నల్లగొండ నుంచి దేవరకొండ వైపు పోయే దారిలో, తారు రోడ్డు దిగి మూడు మైళ్లు నడవాల్సిన ఒక ఊరి చర్చికి పాస్టరుగా వచ్చారు. రేకుల కప్పు, నాలుగు వైపులా తలుపులు, లోపల బెంచీలు లేవు. ఎవరి చాపలు వారు తెచ్చుకుని పరుచుకునేవారు. మాలవాడ కుటుంబాలు తూర్పు గోడకు ఆనించిన ప్రసంగపు బల్ల ముందు కూర్చునేవి. మాదిగవాడ కుటుంబాలు వారి వెనుక. ఇద్దరి నడుమ ఒక మనిషి పడుకునేంత ఖాళీ. తండా నుంచి వచ్చే లంబాడీ కుటుంబాలు అందరికంటే వెనుక, తలుపు దగ్గర, చెప్పుల పక్కన. ఇలా కూర్చోవాలని ఎక్కడా రాసి లేదు. ఎందుకని నేను అడిగిన ప్రతివారూ ఒకే మాట చెప్పారు: "ముందుసంది గట్లనే."

అయ్యగారు వచ్చిన రెండో ఆదివారం ప్రసంగపు బల్లను తానే మోసుకుని పోయి, చెప్పుల పక్కన పెట్టి, దాని వెనుక నిలబడ్డారట. ముందు వరుస ఒక్క క్షణంలో వెనుక వరుస అయింది. చాపలు చుట్టుకుని మళ్లీ ముందుకు రావడానికి సంఘపెద్దలు పడిన తొందరను ఆ ఊరివాళ్లు ఏళ్ల తర్వాత కూడా అభినయించి చూపేవారు. మూడో ఆదివారం బల్ల ఉత్తరపు గోడకు చేరింది. నాలుగో ఆదివారం మళ్లీ ఎటో.

సంఘపెద్దల్లో ముఖ్యుడు ఏసోబు. మాలవాడలో పెద్ద మీసాలాయన. ఆయనకు కోపమొచ్చింది.

"అయ్యగారూ, గుడి అన్నంక ముందు అనేది ఒక దిక్కు ఉండాలె గద?"

"ఉన్నదే ఏసోబూ."

"ఏ దిక్కు?"

"ఎవడు వెనుక కూసున్నడో గా దిక్కు."

ఇది ఏసోబూ చెప్పాడు, అయ్యగారూ చెప్పారు. ఇద్దరి మాటలూ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి కాబట్టి చేర్చుతున్నాను.

ఆయన ప్రయోగాలన్నీ ఫలించాయని అనుకోకూడదు. ప్రభు భోజనంలో పంచే ద్రాక్షరసపు గిన్నె ఎప్పుడూ ముందు వరుస నుంచే మొదలై తండావాళ్ల దాకా వచ్చేసరికి అడుగంటేదని, ఇకమీదట అందరికంటే చివర వచ్చినవారికే మొదట ఇస్తానని ఆయన ప్రకటించారు. ఫలితంగా మరుసటి నెల అందరూ ఆలస్యంగా వచ్చారు. పది గంటల ఆరాధనకు పదకొండున్నర దాకా గుడిలో ఒక్కరూ లేరు. ఊరంతా వేపచెట్ల చాటున నిలబడి ఎదుటివాడు ముందు పోతాడా అని చూస్తోంది. అయ్యగారు ఒక్కరే లోపల కూర్చుని చెవి లాక్కుంటూ ఆలోచించారు. ఏదైనా మాటను నమ్మాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు కుడి చెవి తమ్మెను కిందికి లాగడం ఆయన అలవాటు. ఆ చెవి ఎడమ చెవి కంటే పొడవని తండా పిల్లలు అనేవారు. నేను గమనించాను, తేడా ఏమీ లేదు.

ఆయనది మహబూబ్‌నగర్ జిల్లా. అంతకుమించి ఎవరికీ తెలియదు. ఏ ఊరని అడిగితే "నీళ్లు లేని ఊరు" అనేవారు. ఆ జిల్లాలో ఆ గుర్తుతో ఊరిని వెతకడం అసాధ్యం. ఏ కులమో తెలుసుకోవడానికి ఊరివారు చేసిన ప్రయత్నాలకు లెక్కలేదు. "మీరే కులపోళ్లు అయ్యగారూ?" అని ఎవరైనా అడిగితే, "ఆకలైనోళ్లం. ముందు బువ్వ పెట్టు" అని పీట మీద కూర్చునేవారు. పెట్టిందల్లా తినేవారు. మా మనిషేనని మూడు వాడలూ నమ్మాయి, మా మనిషి కాదని మూడు వాడలూ అనుమానించాయి. నా దగ్గర కూడా ఒక ఊహ ఉంది. రుజువు లేదు కనుక చెప్పను.

ఆయనకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఆమెన్. దేనికి అంటున్నామో చూసుకోకుండా అనే ఆమెన్. ప్రసంగం నడుమ ఆగి "ఇప్పుడు నేనేమన్న?" అని అడిగేవారు. ఒకసారి గొంతులో భక్తి నింపుకుని, "రేపటిసంది సూర్యుడు పడమర దిక్కు పొడుస్తడు!" అన్నారు. "ఆమెన్!" అని గుడి దద్దరిల్లింది. తలుపు దగ్గర నుంచి తండా ముసలమ్మ సోమ్లీ మాత్రం అడిగింది:

"గట్లయితే బర్లను ఎప్పుడు పిండాలె అయ్యగారూ?"

ఆ ఆదివారం ప్రసంగం అక్కడితో ముగిసిందట. ఆయన బల్ల మీద తల పెట్టి నవ్వుతూనే ఉన్నారట. "గుడి మొత్తం మీద ఒక్క సోమ్లీకే చెవులున్నయి" అని తర్వాత వారమంతా చెప్పుకు తిరిగారు. మరొకసారి నాతో అన్నారు: "ప్రేమ అని చెప్పు సార్, రేకులు అదిరేటట్టు ఆమెన్ అంటరు. న్యాయం అని చెప్పు, అందరికి ఒక్కపాలి దగ్గొస్తది."

ఇక నాకూ ఆయనకూ పరిచయమైన సంగతి. నల్లగొండలో నీటి పరీక్షలు చేసే ప్రయోగశాలలో నేను రసాయన శాస్త్రవేత్తగా పనిచేసేవాణ్ని. మా ప్రాంతపు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఊళ్లలో దాన్ని ఫ్లోరిన్ అంటారు. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు గారపడతాయి, ఎముకలు వంగుతాయి. ఒకరోజు ఆయన గుడ్డసంచిలో మూడు సీసాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఒక్కో సీసాకు ఒక్కో కాగితం అంటించి ఉంది. ఒకదానిపై దీపం బొమ్మ, ఒకదానిపై చేప, ఒకదానిపై తాళంచెవి.

"ఏ బావి నీళ్లు ఏవి?" అన్నాను. దరఖాస్తులో ఆ వివరం రాయాలి.

"దీపం, చేప, తాళంచెవి. గంతే రాసుకోండ్రి. కడమది ఫలితం చెప్పినంక చెప్త."

"అలా కుదరదండీ. నేను శాస్త్రం చదివినవాణ్ని. ఎవరి నీళ్లయినా నాకు ఒకటే."

"నిజమే సార్. కాని మీరు కూడ ఏదో ఒక వాడల పుట్టే ఉంటరు గద."

నాకు చురుక్కుమంది. పరీక్ష మొదలుపెట్టాను. అప్పటి పద్ధతి సులభమైనది. ఎర్రని మందు ఒకటి నీళ్లలో కలుపుతాం; గంటసేపు ఉంచుతాం. ఫ్లోరైడు ఎక్కువగా ఉంటే ఆ ఎరుపు విరిగి పసుపవుతుంది. లేకపోతే ఎరుపు ఎరుపుగానే నిలుస్తుంది. గంట తర్వాత చూస్తే దీపం పసుపు, తాళంచెవి పసుపు. చేప మాత్రం ఎర్రగా నిలిచింది.

"ఇప్పుడు చెప్పండి" అన్నాను.

"దీపం మాలవాడ బోరింగు. తాళంచెవి తండా బోరింగు. చేప మాదిగవాడ చేదబావి."

నా చెయ్యి తనంతట తానే చేప సీసా వైపు వెళ్లింది, పరీక్ష మళ్లీ చేద్దామని. ఆయన చెవి లాక్కుంటూ నా చేతినే చూస్తున్నారు.

"చూసిండ్రా సార్? తెల్వకముందు చెయ్యి లేవలే."

"రెండోసారి చేయడం మా పద్ధతే" అన్నాను.

"అయితే మూడూ మళ్ల చెయ్యండ్రి."

మూడూ మళ్లీ చేశాను. ఫలితం మారలేదు. నా చదువులో ఎవరూ నాకు అంత చక్కగా నేర్పని పాఠం అది. లోతు తక్కువైన పాత చేదబావిలో వాననీరు ఊరుతుంది కనుక ఫ్లోరైడు తక్కువ, బండను తొలిచిన లోతు బోర్లలో ఎక్కువ అని దానికి కారణం వివరించాను. బావి తెరిచి ఉంటుంది కాబట్టి బ్లీచింగు పొడి వేయాలని కూడా చెప్పాను. ఆయనకు కారణం కంటే ఇంకో సంగతి ముఖ్యం. ఏసోబు మనవరాలు రూతు. ఆరేళ్ల పిల్ల. కొత్తగా వచ్చిన పళ్లకు అప్పుడే గార, మోకాళ్లు అప్పుడే దగ్గరపడుతున్నాయి. మాలవాడ బోరింగు ఏసోబు ఇంటి ముందే ఉంది. మాదిగవాడ బావి నీళ్లు ఆ ఇంటి గడప తొక్కవు.

"రిపోర్టు చదివితే కాయిదం అంటరు. కండ్లతోని చూడాలె. మీరు రావాలె సార్, ఆదివారం."

"నేను దేవుణ్ని నమ్మనండీ."

"మిమ్ముల నమ్మమన్ననా? గాజు గిలాసలు తెమ్మంటున్న."

అలా నేను జీవితంలో మొదటిసారి, మందు సీసాతో, మూడు పెద్ద గాజుగ్లాసులతో ఒక చర్చికి వెళ్లాను. మూడు వాడలవాళ్లూ ఎవరి నీళ్లు వాళ్లు అందరి ముందూ చెంబులతో తెచ్చారు. సోమ్లీ వాటిని లోపలి గదిలోకి తీసుకుపోయి, ఒకే రకం సీసాల్లో పోసి, ఈసారి తనకు నచ్చినట్టు బొమ్మలు మార్చి అంటించి తెచ్చింది. ఏది ఏదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఎర్రగా నిలిచేది ఏ బావి నీరో నాకు ముందే తెలుసు గనుక నేను నోరు మెదపకూడదని అయ్యగారు షరతు పెట్టారు.

మందు కలుపుతుంటే ఏసోబు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, గీ మందుకు ఏ వాడ నీళ్లో తెలుస్తదా?"

"తెలియదు."

"జర కూడ?"

"జర కూడా తెలియదు."

ఆయన ముఖంలో కనిపించింది నిరాశో ఊరటో నేను తేల్చుకోలేకపోయాను.

"రంగు తేలడానికి గంట పడుతుంది" అని నేను ప్రకటించగానే వెనుక నుంచి ఎవరో అన్నారు: "ఫికర్ లేదు సార్, మా అయ్యగారి ప్రసంగం గంటకు తక్కువ ఎన్నడు కాలే." గుడంతా నవ్వింది, అయ్యగారితో సహా. ఆ రోజు ఆయన మాట్లాడింది దప్పిక గురించి. ప్రభువు ఎండన పడి నడిచి ఒక బావి దగ్గర కూలబడి, తనవాళ్లు ఎవరి చేతి నీళ్లు ముట్టరో సరిగ్గా వాళ్ల చేతి నీళ్లే అడిగాడని చెప్పారు. "ఇచ్చినోడు గాదు, అడిగినోడు. దేవుడు దిగొచ్చి అడుక్కున్నడు. మనకు అడిగెతందుకు నామోషి." ఎంతమంది విన్నారో చెప్పలేను. అందరి కళ్లూ గ్లాసుల మీదే ఉన్నాయి. ఒకదానిలో ఎరుపు నారింజ అయింది, నారింజ పసుపైంది. రెండోది దాని వెనుకే పోయింది.

గంట గడిచింది. అయ్యగారు మెటికతో బల్ల కొట్టి అడిగారు: "ఫ్లోరిన్ ఉంటే పసుపు. లేకుంటే ఎరుపు. మీ పిల్లలకు ఏది తాపుతరు?"

మూడు వాడలూ ఒకే వేలితో చూపించాయి. రూతును ఒడిలో పెట్టుకున్న ఏసోబు అందరికంటే గట్టిగా అరిచాడు: "ఎర్రది! తాళంచెవి బొమ్మది!"

"సోమ్లీ, తాళంచెవి ఎవరిది?"

సోమ్లీ నిదానంగా లేచి, కొంగు సర్దుకుని చెప్పింది: "సువార్తమ్మోళ్ల బాయిది."

సువార్తమ్మ మాదిగవాడలో ఆ బావి పక్కింటి ఆడమనిషి. నలభై ఏళ్లుంటాయి, బలమైన గొంతు. గుడి మొత్తం మీద మొదట మాట్లాడింది ఏసోబు.

"ప్రార్థన జేసి ఏయించిన బోరింగు అయ్యగారూ అది! గా నీళ్లు చెడ్డయి ఎట్లయితయి?"

"ప్రార్థన మీది. బండ భూమిది."

"కాగబెడితే పోదా సార్?" అని నన్ను అడిగాడు.

"పోదు. మరిగేకొద్దీ నీళ్లు తగ్గి అది ఇంకా చిక్కబడుతుంది" అన్నాను. ఆ మాట అంటూ రూతు మోకాళ్ల వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఆయనా చూశాడు.

అప్పుడు సువార్తమ్మ లేచి నిలబడింది.

"మా బాయి మంచిదని ఇయ్యాల ఎరుకైందా మామా? గా బోరింగు ఏసిన కొత్తల మేము బిందెలు పట్టుకొనొస్తే ఏంజేసిండ్రు? నా బిందెను కాలుతోని నూకింది ఎవరు? ఇత్తడి బిందె. సొట్ట ఇంకా ఉన్నది, కావాల్నంటే తెచ్చి సూపిస్త. మీకు మంచిగున్నప్పుడు మేము దూరం. మాది మంచిగైనంక అందరం ఒక్కటా?"

ఇటువంటి సమయంలో మతబోధకులు క్షమించమని చెబుతారని నా అంచనా. నా అంచనా తప్పింది. అయ్యగారు ఆమెను కూర్చోమనలేదు, శాంతించమనలేదు. సంఘం వైపు తిరిగి అడిగారు:

"ఆమె చెప్పింది నిజమేనా?"

ముందు వరుసవాళ్లు చాపల అంచులు సర్దుకున్నారు.

"నిజం గాకుంటే గాదని చెప్పుండ్రి. నిజమైతే ఆమెన్ అనుండ్రి."

సూర్యుడు పడమర పొడుస్తాడంటే దద్దరిల్లిన గుడి అది. రేకుల మీద కాకి నడిచే చప్పుడు వినిపించింది. ఆయన తొందరపెట్టలేదు. చాలాసేపటికి ఏసోబు నేల చూస్తూ అన్నాడు: "ఆమెన్." అరిచిన గొంతు కాదు అది. రూతు కూడా తాతను చూసి "ఆమెన్" అంది. ఇద్దరే.

"తప్పయిందని నాతోని చెప్పొద్దు ఏసోబూ" అన్నారు అయ్యగారు. "నా బిందెకు సొట్ట పడలే."

ఆ ఒక్క ఆదివారంతో ఊరు మారిపోయిందని నేను చెప్పను. నెల తర్వాత మళ్లీ నీళ్ల పరీక్షకు వెళ్లినప్పుడు మాలవాడ నుంచి మూడు ఇళ్లవాళ్లే ఆ బావికి వస్తున్నారు. తండా మొత్తం వస్తోంది. సోమ్లీ సొంత కళ్లతో చూసిందాన్ని ఎవరూ కాదనలేకపోయారు. రూతు మోకాళ్లు నిటారయ్యాయా అని చాలామంది అడుగుతారు. ఒకసారి వంగిన ఎముక ఆ నీళ్లు మానినంతనే తిన్నగా కాదు. అంతకుమించి వంగలేదు, అంతే. అది తక్కువ సంగతి కాదు. తర్వాతి సంవత్సరాల్లో మాలవాడలో పెరిగిన చిన్నపిల్లల పళ్లను నేను వెళ్లిన ప్రతిసారీ నోరు తెరిపించి చూశాను. నన్ను చూస్తే ఆ పిల్లలు పారిపోయేవారు.

అయితే ఆ ఆదివారం మధ్యాహ్నం జరిగింది మాత్రం పూర్తిగా నా కళ్లతో చూశాను. ఆరాధన ముగిశాక గ్లాసులు కడుక్కుందామని నేను ఆ బావి దగ్గరికే వెళ్లాను. అయ్యగారూ వచ్చి గట్టు పక్కన నిలబడ్డారు. సువార్తమ్మ నీళ్లు తోడుతోంది. చుట్టూ ఆడవాళ్లు, నవ్వులు. అంతలో ఏసోబు వచ్చాడు. ఒక చేతిలో బిందె, మరో చేతిలో రూతు.

"ఏం మామా, తొవ్వ తప్పినవా?" అంది సువార్తమ్మ.

"తప్పలే."

"మరి?"

"తప్పయింది. గప్పుడు నేనే నూకిన. జర నీళ్లు ఇయ్యి."

"పిల్లకా?"

"పిల్లకు. నాక్కూడ."

ఆమె బొక్కెన ఎత్తింది. ఏసోబు బిందె కింద పెట్టి, నడుము వంచి, రెండు చేతులూ దోసిలి పట్టి నోటి దగ్గర ఆనించాడు. ఎవరూ అలా చేయమనలేదు. చిన్నప్పుడు దొరల పశువుల కొట్టాల్లో జీతమున్నన్నాళ్లూ ఆయన అలాగే తాగాడు; పైనుంచి పోస్తే కింద పట్టాడు. నీళ్లు అడిగి తాగడమంటే ఆ చేతులకు అదొక్కటే తెలుసు. పదేళ్లుగా బోరింగు పక్కన పెద్దమనిషిగా బతికినా అవి మరిచిపోలేదు.

ఆడవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. సువార్తమ్మ చేతిలో బొక్కెన అలాగే నిలిచింది. అయ్యగారు ఏదో ఒకటి అంటారని చూశాను. ఆయన రూతును దగ్గరికి తీసుకున్నారు, అంతే.

"గిదేంది మామా?" అంది సువార్తమ్మ. "నా బాయి కాడ నేనెవ్వరికి గట్ల పొయ్య. చేతులు దించు."

ఆయన దించాడు. ఆమె బొక్కెన నీళ్లు ఆయన బిందెలో పోసేసి, చేంతాడు ఆయన చేతిలో పెట్టింది.

"కడమది నువ్వే తోడుకో. నడుము పట్టుకుంటే చెప్పు, నా మొగణ్ని పిలుస్త. ఆయనకు ఎట్లాగు పనిలేదు."

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు. ఏసోబు మీసాల కింద కూడా ఏదో కదిలింది. బొక్కెన బావిలోకి వదిలాడు, తోడాడు, పైకి లాగాడు. తన బిందె సగమే నిండి ఉంది. ఆయన దాన్ని దాటి రెండడుగులు వేసి, గట్టు మీదున్న సువార్తమ్మ బిందెలో ఆ నీళ్లు పోశాడు. ఆమె వద్దనలేదు.